నైవాషా నడకలో ‘పరిగెత్తకు’ అనొద్దు

కెన్యా రాజధాని నైరోబీలోని తెలుగువాళ్లకు నాలుగు రోజుల సెలవు దొరికితే మాసాయి మారా అనే అభయారణ్యమే. పైకప్పు ఎత్తిన బండిలో పిల్లల్ని నిలబెడతారు, జంతువు పేరు డ్రైవరు ఇంగ్లీషులో చెప్తాడు, అమ్మానాన్నలకు నోరు విప్పే పనే ఉండదు. పిల్లల నోట తెలుగు ఆడాలంటే నైవాషా సరస్సు మేలు. నైరోబీకి వాయవ్యంగా సుమారు 90 కిలోమీటర్లు, రెండు రోజులు చాలు. అక్కడ జంతువుల మధ్య కాలినడకన తిరగనిస్తారు. కాలినడకలో మాటతో పని పడుతుంది.

మొదటి పొద్దున సరస్సు. నైవాషా అన్న పేరు అక్కడి మాసాయి తెగవాళ్ల మాట నుంచి వచ్చింది, అల్లకల్లోలమయ్యే నీరు అని అర్థం. మధ్యాహ్నానికి గాలి లేస్తుంది కాబట్టి పడవ పొద్దున్నే ఎక్కాలి. పడవవాడు అక్కడి స్వాహిలీ భాషలో ‘సా ఎంబిలీ’ (రెండో గంట) అన్నాడని కంగారుపడకండి, అది ఉదయం 8. వాళ్ల లెక్క ఉదయం 6 నుంచి మొదలవుతుంది. గడియలు లెక్కపెట్టిన మన పాతవాళ్లకు ఇది వింతేమీ కాదు. పిల్లల కొలత లైఫ్ జాకెట్లు ముందురోజే అడిగి పెట్టుకోవాలి. పెద్దవాళ్లది తొడిగితే నీళ్లలో జాకెట్టు తేలుతుంది, పిల్ల కిందికి జారిపోతుంది.

ఒడ్డున మన మాటలకు కరువు లేదు. పాపిరస్ మన తుంగ కుటుంబమే. నీటిని కప్పేసిన గుర్రపుడెక్క ఇక్కడా పరాయిదే, దక్షిణ అమెరికా నుంచి వచ్చిపడింది. గూడబాతు, నీటికాకి కొల్లేటి పేర్లే. ముళ్లున్న అకేసియాలన్నీ తుమ్మలని చెప్తే సరిపోతుంది. వెంట తాతయ్యో అమ్మమ్మో ఉంటే ఈ పూట వాళ్లకే వదిలేయండి. వైల్డబీస్ట్ అనే జింకజాతి జంతువుకు మాత్రం తెలుగు పేరు అతికించకండి. స్వాహిలీలో ‘న్యుంబు’, అలాగే ఉండనివ్వండి. పిల్లలు బడిలో నేర్చింది పెద్దవాళ్లకు చెప్పే వంతు అక్కడ వస్తుంది. మన చారల గుర్రం స్వాహిలీలో ‘పుండా మిలియా’, అంటే చారల గాడిద. గుర్రమా గాడిదా అన్న వాదన ఒక కిలోమీటరు నడిపిస్తుంది.

సరస్సులోని క్రెసెంట్ ఐలండ్‌లో సింహం, చిరుత లాంటివి లేవు. అందుకే జిరాఫీల మధ్య నడవొచ్చు. అయినా తల్లికీ పిల్లకీ మధ్యలోకి వెళ్లకూడదు, జిరాఫీ తన్నిందంటే ఎముకలు మిగలవు. నీటిగుర్రం సంగతి వేరు. పగలు నీళ్లలో పడుకుని చీకటి పడగానే మేతకు గట్టెక్కుతుంది. దానికీ నీటికీ మధ్య మనిషి నిలబడితే మీదికొస్తుంది. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి సాయంత్రం 6:30 దాటగానే చీకటి ముంచుకొస్తుంది. 6 కల్లా పిల్లలు ఒడ్డున ఉండకూడదు.

అసలు జాగ్రత్త మాటల్లోనే ఉంది. అంతంతమాత్రం తెలుగు వచ్చిన పిల్లకు ‘పరిగెత్తకు’ అని అరిస్తే, కంగారులో ‘పరిగెత్తు’ వరకే చెవిన పడుతుంది. మనకు వద్దనే ముక్క మాట చివర వస్తుంది మరి. ఇంగ్లీషులో అది ముందే వచ్చేస్తుంది, పిల్లల చెవికి అలవాటైంది అదే. కాబట్టి ‘ఆగు’, ‘నా వెనక్కి’, ‘మెల్లగా’ అన్న మూడు మాటలే పెట్టుకోండి. వారం ముందు నుంచి ఇంట్లో ఆటలా ఆడించండి. గైడు అనే ‘సిమామా’, ‘పోలే పోలే’ కూడా వాటికి జత చేయండి, ఆగు, మెల్లగా అనే అర్థం.

ఆ మాటల పని రెండో రోజు నైవాషా దగ్గరి హెల్స్ గేట్ పార్కులో పడుతుంది. 1984లో ఏర్పడిన ఈ పార్కు 68 చదరపు కిలోమీటర్లు. కాలినడకకూ సైకిలుకూ అనుమతి ఉంది, కానీ అడవిదున్నలున్నాయి. ఒంటరిగా నిలబడ్డ ముసలి మగదున్న మందకంటే ప్రమాదం. కనీసం 100 మీటర్ల ఎడం ఉంచండి. అది తల ఎత్తి చూస్తుంటే వీపు తిప్పకుండా వెనక్కి నడవాలి. ఎల్సా గేటు నుంచి లోయ దాకా సుమారు 8 కిలోమీటర్లు, నీడ తక్కువ. పదేళ్ల లోపు పిల్లలుంటే అంత దూరం బండిలో వెళ్లి, ఫిషర్స్ టవర్ అనే రాతి స్తంభం దగ్గర మాత్రం దిగి నడవండి.

ఆ పార్కులోని ఓల్ న్జోరోవా లోయలోకి వానాకాలంలో దిగొద్దు. మార్చి నుంచి మే, అక్టోబరు నుంచి డిసెంబరు అక్కడి వానలు. మిగతా నెలలనూ నమ్మలేం. 2012 ఏప్రిల్‌లో ఏడుగురు, వానాకాలం కాని 2019 సెప్టెంబరులోనూ ఏడుగురు హఠాత్తుగా వచ్చిన వరదలో కొట్టుకుపోయారు. నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువన పడ్డ వాన ఆ ఇరుకు దారిలోకే దూకుతుంది, గోడలు ఎక్కడానికి పట్టు దొరకదు. తెరిచి ఉందో లేదో గేటులోనే కనుక్కోండి.

తిండి విషయంలో మన సంచే మనకు శత్రువు. 2020 జూన్ 5 నుంచి కెన్యా పార్కుల్లోకి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ రానివ్వరు. నీళ్ల సీసాలు, స్పూన్లు, ప్లేట్లు అన్నీ గేటు దగ్గరే ఆగిపోతాయి. స్టీలు డబ్బాలు, స్టీలు సీసాలు పెట్టుకోండి. పులిహోర నిలుస్తుంది. పెరుగన్నమైతే పొద్దున పాలు ఎక్కువ పోసి చెంచాడు పెరుగు కలిపితే మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది. డబ్బా మూత తీసేముందు కోతులెక్కడున్నాయో చూసుకోండి, పిల్ల చేతిలోది లాక్కుంటాయి.

ప్రవేశ రుసుము నగదుగా తీసుకోరు. నివాసుల ధర కావాలంటే అక్కడి గుర్తింపు కార్డు చూపాలి. ఇండియా నుంచి వచ్చిన తాతయ్యలకు విదేశీ ధరే. వాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతారు. ఇండియాలో బయల్దేరడానికి కనీసం 10 రోజుల ముందే టీకా పడాలి. 60 దాటినవాళ్లు ముందు డాక్టరును అడగాలి.

లోంగోనోట్ కొండ మూడో రోజు ఉన్నవాళ్లకు. శిఖరం 2,776 మీటర్లు. గేటు నుంచి అగ్నిబిలం అంచు దాకా 3 కిలోమీటర్ల పైచిలుకు, అంచు చుట్టూ మరో 7. చిన్నపిల్లలతో అంచు వరకే చాలు. దారిలో నీళ్లు దొరకవు, పెద్దవాళ్లకు 2 లీటర్లు, పిల్లలకు లీటరున్నర మోయాలి. దిగేటప్పుడు బూడిదమట్టిలో చెప్పులు జారతాయి, మూసిన బూట్లే వేయండి.