పాలు పడ్డయా?

మా దిక్కు ఆపరేషన్ కాన్పు అంటే ఇప్పుడు ఎవ్వరికీ వింత గాదు. 2019-21 ల జరిగిన ఫ్యామిలీ హెల్త్ సర్వే ప్రకారం తెలంగాణల వందకు 60 కాన్పులకు పైనే ఆపరేషన్లు, కరీంనగర్ జిల్లాల అయితే 80 కూడా దాటింది. నాది కూడా అట్లనే, హన్మకొండల ఒక ప్రైవేటు దవాఖానల. కుట్ల నొప్పి ఎట్లనో ఓర్చుకున్న గని పాల కాడికి వచ్చేసరికి మాత్రం రోజూ ఏడుపే.

థియేటర్ల పాపను ఒకసారి చూపిచ్చి తీస్కపోయిండ్రు, మళ్ల నా పక్కల పండబెట్టేసరికి చీకటి పడ్డది, అప్పటికే డబ్బా పాలు పట్టిచ్చిండ్రట. ఎందుకని అడిగితే "నీకు పాలు పడలే గదమ్మా" అన్నది సిస్టర్. కాన్పైన పూటనే ఎవరికన్నా పాలు ధారలు కడ్తయా! మొదాల వచ్చేటివి ముర్రుపాలు, పసుపుపచ్చగ చిక్కగ చుక్కలు చుక్కలే వస్తయ్, ఆ రోజు పసిగుడ్డు కడుపుకు ఒక్కసారికి ఒక చెంచాడు చాలు. పాలు నిండుగ దిగేది రెండు మూడు రోజులైనంకనే, ఆపరేషన్ అయితే ఇంకింత ఆలస్యం కావచ్చు. బిడ్డకు షుగర్ పడిపోయిందనో ఇంకేదో అయిందనో డాక్టర్ చెప్పి పట్టిస్తే అది వేరే ముచ్చట, ఊకెనే పట్టిస్తేనే నాకు మండుతది.

ఇగ చూడొచ్చినోళ్లందరు వచ్చుడు వచ్చుడే "పాలు పడ్డయా?" పెద్దమ్మ ఎల్లిపాయ కారం తెచ్చింది, అత్తమ్మ పాపకు తేనె నాకియ్యమన్నది. ఏడాది లోపు పిల్లలకు తేనె వద్దని గట్టిగ చెప్పిన, కొంచెం అలిగింది గని ఊకున్నది.

ఇన్ని మాటలల్ల పాప అసలు రొమ్ము ఎట్ల పట్టుకుంటుందో చూసినోళ్లు ఒక్కరు లేరు. తల్లిగారింటికి పోయినంక మా ఊరి నర్సమ్మ వచ్చి చూసింది, చూడంగనే "కొస మాత్రమే చీకుతుంది బిడ్డా, అందుకే నీకు పగిలి రక్తమొస్తుంది, దానికి కడుపు నిండుతలేదు" అన్నది. నా వీపెనక దిండు పెట్టి, పాప కడుపు నాకు ఆనిచ్చి, కాళ్లు నా చంక కిందికెల్లి ఎనుకకు పోయేటట్టు పట్టిచ్చింది, అట్లయితే కుట్ల మీద బరువు పడదు. ముక్కు చన్నుమొన కాడికి తెచ్చి ఆగింది, పాప ఆవులించినట్టు నోరు పెద్దగ తెరవంగనే చటుక్కున దగ్గరికి తీసింది, నేను ముందుకు వంగకుండ పాపనే నా మీదికి తెచ్చింది. నల్లటి భాగం చానా వరకు నోట్లెకు పోయింది, గదుమ రొమ్ముకు ఆనింది. కొద్దిసేపటికి గుటక సప్పుడు వినవడ్డది, నొప్పి కూడా సగానికి తగ్గింది. పగిలిన కాడ నా పాలే ఒక చుక్క రాసి ఆరనియ్యమన్నది. రొమ్ములు రాయిలెక్క గట్టిపడ్తే ముందుగాల చేత్తోని కొంచెం పిండి మెత్తవడ్డంక పట్టియ్యాలె, ఒక దిక్కు ఎర్రగయి జొరమొస్తే మాత్రం దవాఖానకు పోవాలె.

పాలు సాలుతున్నయా లేదా అన్నది ఉచ్చబట్టలు చూస్తే తెలుస్తదట, అయిదో రోజు దాటినంక రాత్రీ పగలు కలిపి ఆరు తడవాలె. మొదట్ల బరువు కొంచెం తగ్గుడు మామూలే, రెండు వారాలల్ల మళ్లొస్తది.

మొన్న మా చిన్న ఆడిబిడ్డ ఫోన్ జేసింది, డేట్ దగ్గర పడ్డది, బ్యాగుల ఏం పెట్టుకోవాలె వదినా అని. ముందు జిప్పులున్న నైటీలు ఎక్కువ పెట్టుకో, నడుముకు మత్తిస్తే తెలివితోనే ఉంటవ్ గాబట్టి గంటలోపు బిడ్డను నా రొమ్ము మీద పెట్టుండ్రని, డబ్బా పట్టిచ్చే ముందు నన్ను అడగుండ్రని డాక్టర్‌కు ఇప్పుడే చెప్పిపెట్టు అన్న. ఇదంతా వాట్సాప్‌ల పెట్టరాదు అన్నది, రాస్తుంటే ఇంత పొడుగైంది.