చెయ్యి వెనక్కి!

మన ఫ్లయింగ్ స్కూల్ పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని కమిటీవాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి చేసింది మన బ్యాచ్ రేడియోగాడు కాబట్టి తప్పించుకునే దారి లేకపోయింది. వాడు ఫోన్ పెట్టేయాలంటే మనం ఒప్పుకోవాల్సిందే. "నీ ఉద్యోగం గురించి రాయరా, కుర్రాళ్ళకి పనికొస్తుంది" అన్నాడు. రాయడానికేముంది? ముప్ఫై రెండేళ్ళు పెద్ద విమానాలు నడిపాను. ఎక్కినవాళ్ళందరూ క్షేమంగా దిగారు. అయిపోయింది.

హాస్టల్ గురించి, మూడో నంబరు విమానం తలుపు గురించి, రాతపరీక్ష ముందు రాత్రి గురించి మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. (ఆ బూటు నాది కాదు. ఇప్పటికైనా నమ్మండి.) నాకు రాయాలని ఉన్నది మనకి విమానం నేర్పిన మాస్టారి గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే మాస్టారి ఎడమచేతి గురించి.

డౌన్‌విండ్‌లో, అంటే దిగే ముందు రన్‌వే పక్కగా ఎదురుదిశలో ఎగిరేటప్పుడు, 1000 అడుగుల ఎత్తున, రన్‌వే మొదలు సరిగ్గా మన పక్కకి వచ్చేసరికి ఆ చెయ్యి లేచేది. ముందు కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌లో మంచు కట్టకుండా వేడిగాలి), వెంటనే థ్రాటిల్, అంటే ఇంజను పవర్ లివరు, పూర్తిగా వెనక్కి. ఆపైన ఆ కేక: "చెయ్యి వెనక్కి!" మన కుడిచెయ్యి వీపు వెనక దాక్కునేది. అక్కడి నుంచి చక్రాలు నేలకి తగిలేదాకా థ్రాటిల్ మనది కాదు. మధ్యలో ఒకసారి ఇంజను చల్లబడిపోకుండా ఆయనే కాస్త పవర్ ఇచ్చి, మళ్ళీ మూసేసేవారు.

ఆయన సిద్ధాంతం మీ అందరికీ కంఠతా వచ్చే ఉంటుంది. "ఎత్తు నీ ఆస్తిరా. ఇంజను అప్పు. అప్పు చేసి పప్పుకూడు తినేవాడు ఏదో ఒకరోజు అప్పు పుట్టనిచోట కూర్చుంటాడు." గాలి లేని రోజున మనం నేర్చుకున్న చిన్న విమానం, సెస్నా 152, ఇంజను సాయం లేకుండా 1000 అడుగులకి సుమారు 9000 అడుగుల దూరం జారుతుంది. ఆ ఆస్తిని మలుపుల్లో ఎంత ఖర్చు పెట్టాలి, ఎదురుగాలికి ఎంత తీసిపెట్టాలి, మిగిలింది స్లిప్‌లో (విమానాన్ని గాలికి పక్కవాటుగా పెట్టి త్వరగా దిగడం) ఎలా వదిలించుకోవాలి, ఇంతే ఆయన చదువు. ముందు అద్దంలోంచి చూస్తే ఏ చోటు కదలకుండా ఉందో అక్కడే మనం తగులుతాం. రన్‌వే మొదలు పైకి పాకుతోందా, చేరం. కిందికి జారుతోందా, దాటిపోతాం. చేరమని తెలిసి థ్రాటిల్ కోసం వీపు వెనక చెయ్యి మెలికలు తిరుగుతుంటే ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవారు. ఆఖరి క్షణంలో ఆయనే పవర్ ఇచ్చి పైకి లాగేవారు. ఆ తర్వాత దిగేదాకా మాట ఉండేది కాదు. మన బ్యాచ్ చిన్నోడికి ఆ మౌనం పదకొండుసార్లు దక్కింది. లెక్క వాడిదే.

బోర్డు మీద ఆయన రాసిన మూడు అంకెలు నాకు ఇప్పటికీ ఆ సుద్దముక్క అక్షరాల్లోనే కనిపిస్తాయి. ఎత్తు పోకుండా తిరిగే మలుపులో 30 డిగ్రీల వంపుకి స్టాల్ వేగం (అంతకన్నా తగ్గితే రెక్కలు మోయలేని వేగం) 7 శాతం పెరుగుతుంది. 45కి 19, 60కి 41. వాటి కింద: "ఫైనల్ దాటిపోయి, వంపు పెంచడానికి భయపడి రడ్డర్‌తో తిప్పినవాడి పేరు ఇక్కడ రాయను." (ఫైనల్ అంటే రన్‌వేకి సూటిగా వచ్చే ఆఖరి దారి, రడ్డర్ తోక మీది చుక్కాని. అలా తిప్పినవాడు బతకడం కష్టం.) అంతకన్నా బాగా ఆ పాఠం ఇంకెవరూ నాకు చెప్పలేదు.

స్లిప్ అంటే ఆయనకి ఎంత ప్రేమో గుర్తుందా? 1983 జూలైలో ఇంధనం అయిపోయిన బోయింగ్ 767 ప్రయాణికుల విమానాన్ని కెప్టెన్ పియర్సన్ కెనడాలోని గిమ్లీలో పాత వైమానిక స్థావరం రన్‌వే మీదికి అడ్డంగా స్లిప్ చేసి దించాడు కదా. ఆ వార్త కత్తిరించి క్లాసులో గోడకి అంటించి, సొంత శిష్యుడికి మెడల్ వచ్చినట్టు వారంరోజులు తిరిగారు. పియర్సన్‌కి గ్లైడర్లు నడిపిన అలవాటుందని తెలిశాక ఇంకో వారం.

తర్వాత ఉద్యోగం, పైన చెప్పాను.

తొమ్మిదేళ్ళు షెడ్డులో తంటాలు పడి నేనూ ఒక విమానం కట్టాను. పీటెన్‌పోల్ ఎయిర్ క్యాంపర్. బెర్నార్డ్ పీటెన్‌పోల్ 1920ల చివర రూపొందించినది. కర్ర, గుడ్డ, తలమీద ఒకటే రెక్క, ముందొకటి వెనకొకటి కప్పులేని సీట్లు. నడిపేవాడు వెనక కూర్చుంటాడు. పీటెన్‌పోల్ దానికి ఫోర్డ్ మోడల్-ఏ కారు ఇంజను బిగించాడు. నేను అంత సాహసం చేయక 65 హార్స్‌పవర్ కాంటినెంటల్ పెట్టుకున్నాను. రెక్కలోని ప్రతి పక్కటెముకా నా చేత్తో అంటించిందే. ఈ వాక్యం కోసమే వ్యాసం ఒప్పుకున్నానని రేడియో అంటాడు, అననీ.

మాస్టారి పద్ధతిలోనే దించబోయాను. రన్‌వే పక్కకి రాగానే థ్రాటిల్ మూసి, 152లో లాగే మనసులో ఐదు లెక్కపెట్టి తిప్పాను. రన్‌వేకి ఇవతల గడ్డిలో పడ్డాను. ఇరుసు వంగింది, ఎవరూ చూడలేదు. రెక్కని మోసే స్ట్రట్లు, తీగలు, చక్రాలు, బయటికి పొడుచుకొచ్చిన మన తలకాయలు, అన్నీ గాలికి అడ్డమే. ఇంజను మూస్తే నిమిషానికి 800 అడుగులు దిగుతుంది. పైగా బరువు లేదు, వేగాన్ని దాచుకోలేదు. ఫ్లేర్‌లో, అంటే నేలకి తగిలేముందు, ముక్కు ఎత్తిన రెండు క్షణాలకి వేగం ఆవిరి. 152లో లాగా నేలకి పైన పట్టుకుని తేలుతూ కూర్చుంటానంటే కుదరదు.

రేడియో కట్టుకున్న విమానం లాంగ్-ఈజీది సరిగ్గా వ్యతిరేకపు గోల. బర్ట్ రుటాన్ డిజైన్, మొదటిసారి ఎగిరింది 1979లో. ప్రొపెల్లర్ వెనక, చిన్న రెక్క ముందు, నున్నటి ఒళ్ళు. దిగేటప్పుడు రెక్కల వెనక దించే ఫ్లాప్స్ లేవు, పొట్ట కింద గాలికి అడ్డంపడే ఒక పలక మాత్రం ఉంటుంది. థ్రాటిల్ మూసినా జారుతూనే ఉంటుంది. ఇంజను ఐడిల్ (థ్రాటిల్ మూసినా తిరిగే వేగం) కాస్త ఎక్కువ పెట్టి ఉంటే ఇక రన్‌వే సగం గాల్లోనే. వేగం 10 శాతం ఎక్కువైతే వదిలించుకోవాల్సిన శక్తి 21 శాతం ఎక్కువ. ఇది వాడికి నేను చెప్పాను, వాడు అందరికీ చెప్పాడు. వాడిది దిగనంటుంది, నాది పైన ఉండనంటుంది.

సరే, రాజీపడ్డాను. ఐడిల్ మీద నాలుగైదు వందల ఆర్‌పీఎం ఉంచుకుని వచ్చి, రన్‌వే గడప దాటాక మెల్లిగా మూయడం. మెల్లిగానే మూయాలి. తోక మీదికి వచ్చే ప్రొపెల్లర్ గాలి ఒక్కసారిగా పోతే స్టిక్ చచ్చుబడి ముక్కు వాలుతుంది. బాగానే కుదిరింది. కానీ దిగిన ప్రతిసారీ, అప్పు తీర్చకుండా ఊరు మారినవాడిలా ఉండేది నాకు.

మాస్టారికి ఎనభై రెండో ఏట నా విమానం చూడాలనిపించింది. ఇద్దరం పట్టి ముందు సీట్లో కూర్చోబెట్టాం. ముందు కూడా స్టిక్, రడ్డర్, థ్రాటిల్ ఉంటాయి, నా వాటికి కలిపి. పైకెళ్ళాక "మీరే తీసుకోండి మాస్టారూ" అన్నాను. డౌన్‌విండ్‌లో, 1000 అడుగుల మీద, నా ఎడమపక్క థ్రాటిల్ లివరు తనంతట తానే వెనక్కి వెళ్ళిపోయింది. ఇంజను హోరు తగ్గాక ముందు నుంచి కేక వినిపించింది.

"చెయ్యి వెనక్కి!"

పెట్టాను. అరవై దాటిన మనిషిని, వీపు వెనక చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఆయన తిప్పడం లేదు. ఐదు లెక్కపెడుతున్నారని నాకు తెలుసు. చెప్పచ్చు. చెప్పలేదు. అది భక్తో, పాత బాకీయో మీరే తేల్చుకోండి. 500 అడుగుల దగ్గర తీసుకుందామని మాత్రం గట్టిగా అనుకున్నాను. తిరిగేసరికి 600. ఆయన తోలుటోపీ పక్కనుంచి చూస్తే రన్‌వే మొదలు పైకి పాకుతోంది. ఆయనా దాన్నే చూస్తున్నారు, తల కదలడం లేదు. వీపు వెనక నా చెయ్యి పాత మెలికలన్నీ తిరిగింది.

అప్పుడు ఆ లివరు కదిలింది. ముందుకి. ఒక అంగుళం.

పాకడం ఆగింది. గడప మీద మళ్ళీ మూసి, మూడు చక్రాలూ ఒకేసారి పెట్టారు. నేను అంత బాగా ఇప్పటికీ పెట్టలేదు.

షెడ్డు దాకా ఒక్క మాట లేదు, ఎప్పటిలాగే. దింపాక రెక్కకి చెయ్యి ఆనించి నిలబడి, గుడ్డ మీద కుట్లు కాసేపు తడిమారు. ఆ తర్వాత అన్నారు:

"దీనికి వడ్డీ తక్కువేరా."

ఒరేయ్ రేడియో, ఇదిగో నీ వ్యాసం. ఫోటో అడక్కు. ఆ రోజు మా దగ్గర కెమెరా లేదు.