జపాన్ కుట్టు పుస్తకం చూసి కోటు కుట్టాను

జపాన్‌లో అచ్చయ్యే కుట్టు పుస్తకాలంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. ముందు సగం ఫొటోలు, వెనక సగం గీత బొమ్మలు, చివర్లో మడత పెట్టిన పెద్ద ప్యాటర్న్ కాగితాలు, అంటే కత్తిరించాల్సిన ముక్కల ఆకారాలు గీసినవి. వాటిని చూసి గౌనులు, స్కర్టులు కుట్టుకున్నాను గానీ కోటు జోలికి వెళ్లలేదు. ఈసారి ధైర్యం చేశాను. మడత కాలరు, రెండు ముక్కల చేతులు, రెండు అతుకు జేబులు ఉండి, లోపల లైనింగ్ లేని ఉన్ని కోటు అది. జపనీస్ రాకుండా ఎలా కుట్టావని చాలామంది అడుగుతున్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

భాష రాకపోవడం పెద్ద అడ్డంకి కాదు. బొమ్మలో ప్రతి దశకీ ఒక అంకె ఉంటుంది, ఆ వరసలో కుట్టుకుంటూ పోవాలి. కొలతలన్నీ సెంటీమీటర్లలో ఇస్తారు. గుడ్డ మీద ముక్కలు ఎలా పరవాలో చూపే బొమ్మలో, అంచుల దగ్గర కనిపించే చిన్న అంకెలు కుట్టుకి ఎంత మార్జిన్ వదలాలో చెబుతాయి. చుక్కలు పెట్టిన భాగానికో, బూడిద రంగు వేసిన భాగానికో ఫ్యూజింగ్, అంటే గుడ్డ బిగువుగా నిలవడానికి ఇస్త్రీ వేడితో లోపలి వైపు అంటించే పొర, అతికించాలి. గుర్తుపట్టాల్సిన మాటలు కొన్నే. ముందు భాగం మాయె, వెనక భాగం ఉషిరో, చెయ్యి సోదె, కాలరు ఎరి, లోపలి పట్టీ మికాయెషి. 'వా' అనే ఒక్క అక్షరం కనిపిస్తే ఆ అంచుని గుడ్డ మడత మీద పెట్టి కత్తిరించాలి. ఇవన్నీ చీటీ మీద రాసి మిషన్ ఎదురుగా గోడకి అంటించుకున్నాను. ఫోన్ కెమెరాతో అనువాదం చేసే యాప్ సామాన్ల జాబితా వరకు బాగా పనికొచ్చింది. కుట్టే విధానానికి మాత్రం బొమ్మలనే నమ్ముకున్నాను.

సైజు దగ్గర తొందరపడకూడదు. జపాన్ రెడీమేడ్ దుస్తుల ప్రమాణంలో ఆడవాళ్ల 9వ నంబరు సైజంటే చాతీ 83 సెంటీమీటర్లు, 11 అంటే 86, 13 అంటే 89. మామూలు ఎత్తు 158గా తీసుకుంటారు. నా చాతీ 88, ఎత్తు 165. అంటే చుట్టుకొలతకి 13 సరిపోతుంది గానీ పొడవు చాలదు. ఒంటి కొలతలతో పాటు, కుట్టాక కోటు ఎంత వస్తుందో కూడా పుస్తకంలో ఇచ్చారు. నేను ఎక్కువగా నమ్మేది ఆ రెండో అంకెనే. నాకు బాగా నప్పే పాత కోటుకి గుండీలు పెట్టి బల్ల మీద పరిచాను. చంకల కింద అడ్డంగా కొలిచి, రెండింతలు చేసి పోల్చి చూస్తే 13 ఖాయమైంది. పొడవు కోసం ముందు, వెనక భాగాల ప్యాటర్న్‌ని నడుముకి పైన అడ్డంగా కత్తిరించి 2 సెంటీమీటర్లు పెంచాను. చేతిని కూడా మోచేతి దగ్గర అంతే పెంచాను. కింది అంచులో పెంచడం తేలికే, కానీ అలా చేస్తే కోటు నడుము వంపు మన నడుముకి పైనే ఉండిపోతుంది.

ప్యాటర్న్ కాగితం విప్పగానే ఎవరికైనా కంగారు పుడుతుంది. రెండు వైపులా బోలెడు డిజైన్ల గీతలు ఒకదాని మీద ఒకటి అచ్చు వేసి ఉంటాయి. నేను ముందు నాకు కావలసిన ముక్కల మూలలన్నిటికీ రంగు పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకున్నాను. తర్వాత మూల నుంచి మూలకి గీత వెంట వేలు పోనిచ్చి, దారి తెలిశాకే పల్చటి కాగితం పరిచి గీశాను. పోగు దిశ చూపే బాణం, ముక్కలు కలిసే చోటి గుర్తులు, జేబు పెట్టే చోటు, కాలరు ఆగే చుక్క, వీటిలో ఏదీ వదిలేయకూడదు. నలుచదరంగా ఉండే పట్టీలకు చాలాసార్లు ప్యాటర్న్ ఉండదు. పొడవు, వెడల్పు చూసి మనమే గీసుకోవాలి.

నన్ను ఈ పుస్తకాలకు కట్టిపడేసింది మాత్రం మార్జిన్ సంగతి. ప్యాకెట్లలో దొరికే అమెరికన్ ప్యాటర్న్‌లలో మామూలుగా 1.5 సెంటీమీటర్ల మార్జిన్ కలిపే ఉంటుంది. కత్తిరించిన అంచుకి అంత దూరంలో కుట్టుకుంటూ పోతాం. జపాన్ పుస్తకాల్లో చాలావాటిలో కాగితం మీద కనిపించేది కుట్టు పడాల్సిన గీత. మార్జిన్ మనమే కలుపుకోవాలి. నా కోటులో అతుకులకు 1, కింది అంచుకి 4. మొదట్లో ఇది అదనపు చాకిరీ అనిపిస్తుంది. కానీ ఆ గీతని రెండు వైపులా రంగున్న కార్బన్ కాగితంతో, పళ్లచక్రంతో గుడ్డ మీదకి దించుకుంటే, కత్తిరించిన అంచు కాస్త అటూ ఇటూ అయినా భయం లేదు. గీతకి గీత కలిపి పిన్ను గుచ్చితే కుట్టు పడాల్సిన చోటే పడుతుంది. కోటుకి ఇంతకన్నా మంచి పద్ధతి లేదని నా గట్టి నమ్మకం.

చేతి అంచు దగ్గర ఒక చిన్న కిటుకు ఉంది. చెయ్యి మణికట్టు వైపు సన్నబడుతూ వస్తుంది కాబట్టి మార్జిన్‌ని కూడా అదే వాలులో కిందకి పొడిగిస్తే, పైకి మడిచినప్పుడు చాలక లాగేస్తుంది. అందుకని అక్కడ కాగితం ఎక్కువ వదిలి, అంచు గీత మీద మడిచి, ఆ మడత మీదే పక్క గీత వెంట కత్తిరించాలి. విప్పితే చివర బయటికి విచ్చుకున్నట్టు ఉంటుంది. అదే సరైన ఆకారం.

పాత దుప్పటితో నమూనా కుట్టి చూశాను. చేతులు ముందుకి చాపితే వీపు పట్టేసింది. వెనక చంక వంపులో అర సెంటీమీటరు వెడల్పు పెంచి, చేతిలో కూడా ఆ మేరకు సరిచేశాను. ఉన్ని గుడ్డకి ముందే ఆవిరి పట్టించాను, కుట్టాక కుంచించుకుపోకుండా. ఫ్యూజింగ్ అతికించేటప్పుడు ఇస్త్రీ పెట్టెని జరపకూడదు. ఒక్కోచోట పది పదిహేను సెకన్లు అదిమి, ఎత్తి, పక్కన పెట్టాలి. చల్లారేదాకా ముక్కని కదపకూడదు. జపాన్ లెక్కలో దారం నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. 60 నంబరు దారం, 11 నంబరు సూది ఈ గుడ్డకి సరిగ్గా సరిపోయాయి.

నాకు అసలు టెన్షన్ కాలరు దగ్గరే. అడుగు కాలరు క్రాస్‌లో, అంటే గుడ్డ పోగుకి ఏటవాలుగా, కత్తిరించిన రెండు ముక్కలు, పై కాలరు ఒకటే ముక్క. పైది బయటి అంచు వెంట 2 మిల్లీమీటర్లు పెద్దగా ఉండాలి, ఎందుకంటే అది మడత మీదుగా తిరిగి కిందకి రావాలి. రెండూ సమానంగా ఉంటే కాలరు కొనలు పైకి లేస్తాయి. కాలరు, లాపెల్ (కాలరు కింద ఛాతీ మీదకి మడిచే కోటు ముందు అంచు) కలిసే మూలలో కోటు ముందు భాగం, లోపలి పట్టీ, రెండు కాలర్లు, మొత్తం నాలుగు పొరలు ఒకే చుక్క దగ్గర కలుస్తాయి. ఆ చుక్కలోంచి పిన్నుని నిటారుగా దించి, అన్ని పొరల్లోనూ చుక్కలోంచే బయటికి వచ్చిందో లేదో చూసుకున్నాను. మిషన్ చక్రాన్ని చేత్తో తిప్పుతూ సరిగ్గా చుక్క మీద ఆపి, దారం ముడి వేశాను. ఒక్క కుట్టు కూడా మార్జిన్‌లోకి పోనివ్వలేదు. తర్వాత మెడ మార్జిన్‌ని చుక్క దాకా చిన్నగా కత్తిరించి తిప్పితే మూల ముడత లేకుండా తెరుచుకుంది. అది చూసినప్పుడు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు.

చేతులు ఎక్కించడం ఓపిక పని. చెయ్యి పై వంపు చంక చుట్టుకొలత కంటే 3 సెంటీమీటర్ల దాకా ఎక్కువే ఉంటుంది. మార్జిన్‌లో రెండు వరసలు పొడుగు కుట్లు వేసి దారం మెల్లగా లాగి, చుట్టిన తువ్వాలు మీద పెట్టి ఆవిరితో అదిమితే ఉన్ని ఆ వదులుని తనలోకి తీసుకుంటుంది. కుచ్చు కనిపించకూడదు. ముందు కచ్చా కుట్టు వేసి, తొడుక్కుని చూసి, చేతులు నిటారుగా వేలాడుతున్నాయని తేల్చుకున్నాకే మిషన్ కుట్టు వేశాను.

జేబులు, కాజాలు, గుండీలు మామూలు పనే. లైనింగ్ లేదు కాబట్టి లోపలి అతుకులన్నిటికీ పల్చటి కాటన్ క్రాస్ పట్టీ చుట్టాను. కోటు విప్పి కుర్చీ మీద వేసినా లోపలి వైపు ముచ్చటగా కనిపిస్తుంది. కింది అంచు చేతి కుట్టు.

ఇదే ప్యాటర్న్‌తో ఇంకాస్త మందం గుడ్డ తీసుకుని, ఈసారి లైనింగ్ వేసి కుట్టాలనుకుంటున్నాను. దానికి పై కాలరు ఇంకో మిల్లీమీటరు పెద్దగా కత్తిరించాలని ప్యాటర్న్ ముక్క మీదే రాసి పెట్టుకున్నాను.