మహబౌలా గదిలో ఆ రోజులు

కరోనా వల్ల 2020 ఏప్రిల్ 6న కువైట్‌లో జలీబ్, మహబౌలా రెండింటినీ మూసేశారు. రెండూ ఎక్కువగా మాలాంటి పరాయి దేశం వాళ్లుండే ఏరియాలే. మహబౌలాలో ఒక్క గదిలో ఆరుగురం, బాత్రూమ్ ఒకటే. దూరం పాటించండి అంటే ఎక్కడికని జరుగుతాం?

అంతకుముందే ఒక కువైట్ నటి టీవీలో అన్న మాటలు ఫోన్లలో తిరిగాయి. ఆసుపత్రులు నిండితే విదేశీయులను ఎడారిలో పడేయాలట. మా గదిలో ఉండే రాజంపేట అన్నయ్య ఆ వీడియో రెండుసార్లు చూసి ఫోన్ బోర్లా పెట్టేశాడు. ఆయన పని ఆసుపత్రిలో ఫ్లోర్ తుడవడం. బ్లీచింగ్‌కి చేతివేళ్ల చర్మం పొరలు పొరలుగా లేచిపోయి ఉండేది. "మనం తుడిచిన చోటే వాళ్లు పడుకుంటారు కదరా" అన్నాడు, అంతే. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

జూన్‌లో ఆ దేశ ప్రధాని జనాభాలో 70 శాతమున్న విదేశీయులను 30 శాతానికి తగ్గించాలన్నారు. చమురు ధర పడింది, ఉద్యోగాలు పోయాయి, భయం అర్థమవుతుంది. కానీ జబ్బు పెరిగింది మా పాస్‌పోర్టు వల్ల కాదు, ఇరుకు గదుల వల్ల.

నాకింకా నొప్పిగా ఉండేది వేరే సంగతి. విదేశాల్లో చిక్కుకున్నవాళ్ల కోసం మన ప్రభుత్వం నడిపిన వందే భారత్ విమానంలో ఊరికొస్తే, మా వీధిలోనే "కువైట్ వాడొచ్చాడు" అని తలుపులేసుకున్నారు. అమ్మ నీళ్ల బిందెతో కుళాయి దగ్గరికెళ్తే అందరూ పక్కకు జరిగారంట.