షేర్డ్ లైబ్రరీలు ఓపెన్ ఫైల్ లిమిట్‌ల లెక్కకొస్తయా? టెస్ట్ జేసిన

హన్మకొండల ఇంట్ల పాత లాప్‌టాప్ మీద లినక్స్ ఏసి నా సొంత సర్వర్ ప్రోగ్రాం నడుపుతున్న, అండ్ల ఒక్కో ప్లగిన్ ఒక్కో షేర్డ్ లైబ్రరీ (ప్రోగ్రాం నడిచేటప్పుడు లోడ్ జేస్కునే కోడ్ ఫైల్). ఇన్ని ప్లగిన్లు పెడితే ఒక ప్రోగ్రాం ఒక్కసారి ఓపెన్ ఉంచుకునే 1024 ఫైళ్ల లిమిట్ నిండిపోదా అని కరీంనగర్ దోస్త్ అడిగిండు, ఎల్‌సాఫ్ (ఓపెన్ ఫైళ్ల లిస్ట్ సూపే కమాండ్) కొడితే లైబ్రరీలన్నీ లైన్‌గ కనిపిస్తయి గదా, డౌట్ రావుడు సహజమే. కానీ ఎఫ్‌డీ (ఫైల్ డిస్క్రిప్టర్, అంటే ఓపెన్ ఫైల్‌కు ఇచ్చే నంబర్) కాలమ్‌ల చూడుండ్రి, వాటి పక్కన నంబర్ ఉండది, మెమ్ అని ఉంటది. లోడర్ (లైబ్రరీలను మెమరీలకు తెచ్చేది) ఫైల్ ఓపెన్ జేసి, హెడర్ చదివి, మెమరీల మ్యాప్ జేసి, ఎంబడే క్లోజ్ జేస్తది. మ్యాప్ ఉంటది, డిస్క్రిప్టర్ వాపస్ ఒస్తది. అసలు లెక్క కావాల్నంటే ప్రాక్ (/proc) కింద ఆ ప్రాసెస్ ఎఫ్‌డీ ఫోల్డర్ చూడాలె.

నమ్మకం కోసం సీ ల చిన్న ప్రోగ్రాం రాసిన. యూలిమిట్ (ఓపెన్ ఫైళ్ల లిమిట్ పెట్టే కమాండ్) 20 పెట్టిన, ముందే ఓపెన్ ఉండే 0, 1, 2 (ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్) పోను 17 ఫైళ్లు ఓపెన్ అయినయి. గప్పుడు డీఎల్‌ఓపెన్ (లైబ్రరీ లోడ్ జేసే ఫంక్షన్) కొడితే ఫెయిల్, టూ మెనీ ఓపెన్ ఫైల్స్ అన్నది. ఒక్క ఫైల్ క్లోజ్ జేసి మళ్ల కొట్టిన, లోడ్ అయింది, పైంగ ఆ ఖాళీ స్లాట్ అట్లనే ఉన్నది, ఇంకో లైబ్రరీ గూడ అండ్లనే లోడ్ అయింది. అంటే లైబ్రరీ లోడ్ అయ్యేటప్పుడు ఒక్క స్లాట్ చాలు, తర్వాత దాంతోని పని లేదు. యూలిమిట్ 3 పెడితే మాత్రం ఎల్‌ఎస్ కమాండ్ గూడ లేవది, ఎర్రర్ 24 (అదే టూ మెనీ ఓపెన్ ఫైల్స్) అంటది, స్టాటిక్ బిజీబాక్స్ (షేర్డ్ లైబ్రరీలు అక్కర లేని కమాండ్ల ప్రోగ్రాం) అయితే స్టార్ట్ అయితది.

ఇంకో సంగతి, ఇది నాకు మస్తు నచ్చింది: సిస్టమ్ మొత్తానికి ఉండే ఫైల్-ఎన్ఆర్ (ఓపెన్ ఫైళ్ల మొత్తం సంఖ్య) లెక్కల మాత్రం మ్యాప్ అయిన లైబ్రరీలు ఉంటయి, ఎందుకంటే కెర్నల్‌ల ఆ ఫైల్ ఆబ్జెక్ట్‌ను మ్యాప్ పట్టుకునే ఉంటది. మ్యాపింగులకు వేరే లిమిట్ ఉన్నది, కెర్నల్ డిఫాల్ట్ 65530.

దోస్త్‌ది మాక్, అండ్ల డిఫాల్ట్ 256 ఏ. విండోస్‌ల యూలిమిట్ అసలే లేదు, సీ రన్‌టైమ్ ఎఫ్‌ఓపెన్‌కు 512 ఫైళ్ల లిమిట్ ఉంటది, 8192 దాక పెంచుకోవచ్చు, డీఎల్‌ఎల్‌లు (విండోస్ షేర్డ్ లైబ్రరీలు) అండ్ల లెక్కకు రావు, కాకపోతే లోడ్ అయి ఉన్న డీఎల్‌ఎల్‌ను డిలీట్ జేయనియ్యది.

నా సర్వర్‌ల ఇప్పుడు ప్లగిన్లన్నీ స్టార్టప్‌లనే లోడ్ జేసి, ఆ తర్వాతనే కనెక్షన్లు తీస్కునేటట్టు మార్చిన. కనెక్షన్లతోని స్లాట్లు నిండినంక ప్లగిన్ లోడ్ కాకపోవుడు అనే బాధ ఉండది.