ర్యామ్ అంచుల బంగారం

బెంగళూరు ఎస్పీ రోడ్డులో కంప్యూటర్ల పాత ర్యామ్‌లు (మెమరీ బోర్డులు) కిలో లెక్కన బేరమాడేముందు వాటి మీది బంగారు పూత లెక్క వేసుకోండి. అంచు కాంటాక్టుల మీద మంచి పూత అంటేనే 0.75 మైక్రాన్, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1.4 మిల్లీగ్రాములు. బోర్డంతా మెరిసే పలుచటి పూతలో అందులో పదో వంతే. మెరుపు చూసి రేటు ఇవ్వకండి.

అంచులు కత్తిరించేటప్పుడు టంకం ఉన్న ముక్క ఒక్కటీ రాకూడదు. టంకంలోని తగరం, తర్వాత వాడే నైట్రిక్ యాసిడ్‌లో తెల్లటి బంకలా మారి ఫిల్టర్ పేపర్‌ని మూసేస్తుంది, ఆ రోజుకి పని గోవిందా. బంగారం కింది రాగిని కరిగించి రేకుల్ని ఊడదీసే ద్రావణానికి 32 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ రెండు పాళ్లు, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక పాలు. పెరాక్సైడ్ మొదలెట్టడానికే, తర్వాత రాగిని తినేది ఆకుపచ్చ కాపర్ క్లోరైడ్. దానికి గాలి కావాలి, చేపల తొట్టి పంపు చాలు. తొందరపడి పెరాక్సైడ్ గుమ్మరిస్తే బంగారమూ కరుగుతుంది. ఊడిన బంగారు రేకుల్ని ముందు హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తోనే కడగండి. నేరుగా నీళ్లు పోస్తే తెల్లటి రాగి లవణం పట్టుకుంటుంది.

ఆ రేకుల్ని ఆక్వా రీజియాలో (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ల మిశ్రమం) కరిగించాలి. అందులో మిగిలిన నైట్రిక్‌ని సల్ఫామిక్ యాసిడ్‌తో తీసేయకపోతే, బంగారాన్ని దించడానికి సోడియం మెటాబైసల్ఫైట్ వేసినప్పుడు పడిన గోధుమరంగు బంగారు పొడి మళ్లీ కరిగిపోతుంది. పరీక్షకు వేసే స్టానస్ క్లోరైడ్ చుక్కకి ఊదా రంగొస్తే ద్రావణంలో బంగారం ఇంకా ఉన్నట్టే.

అపార్ట్‌మెంట్ బాల్కనీలో మాత్రం వద్దు. ఆక్వా రీజియా నుంచి వచ్చే ఎర్రటి పొగ పీలిస్తే ఊపిరితిత్తుల్లో నీరు గంటల తర్వాత చేరొచ్చు. వ్యాపారంగా చేయాలంటే 2022 ఈ-వేస్ట్ నిబంధనల కింద రీసైక్లర్‌గా నమోదు తప్పనిసరి. వాడేసిన ద్రవం మోరీలో పోయకూడదు. ఇనుప ముక్కలేసి రాగిని దించి, సున్నంతో ఆమ్లం విరిచి, అడుగున చేరిన మడ్డిని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.