పాకెట్‌లో ఒక ఆదివారం

ఉదయం నాన్నగారితో చేలో ఊడ్పులు చూసుకుని ఇంటికి వచ్చేసరికి పదకొండయింది. భోజనాలయ్యాక రాజోలు నుంచి బాబాయిగారి అబ్బాయి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. మేమిద్దరం ఆడేది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, ఊరు కట్టి, పంటలు, కలప పోగుచేసి, సైన్యంతో శత్రువును ఓడించే కంప్యూటర్ ఆట. ఆట 1999 నాటిదైనా 2019లో వచ్చిన దాని కొత్త రూపం డెఫినిటివ్ ఎడిషన్‌లో ఆడుతున్నాము. నేను మామూలుగా అరేబియా అనే మ్యాప్‌లో ఒకరితో ఒకరు తలపడే ఆటే ఆడతాను. నలుగురేసి ఆడే జట్టు ఆటలో ఒకరి తప్పులు పక్కవారి చాటున దాగిపోతాయని, అందుచేత అది తేలికని వాడితో చాలాసార్లు వాదించాను. ఈ రోజు ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

ఒంటరి ఆటలో మొదటి పది నిమిషాలు ఆకుమడి వంటివి. 200 ఆహారం, 200 కలప, ముగ్గురు విలేజర్లు (పనివాళ్లు), ఒక స్కౌట్ (గుర్రపు రౌతు) ఇస్తారు. ఒక విలేజర్ తయారు కావడానికి 25 సెకన్లు పడుతుంది కనుక, కొత్తవాళ్లకు చోటు కోసం 25 కలపతో కట్టవలసిన ఇల్లు మరిచిపోయి, వాళ్లను తయారుచేసే టౌన్ సెంటర్‌ను ఒక్క నిమిషం ఖాళీగా ఉంచితే ఇద్దరు పనివాళ్లు తగ్గుతారు, వాళ్లు తేవలసిన ఆహారం తగ్గుతుంది, 500 ఆహారంతో చేరుకోవలసిన రెండో యుగం, ఫ్యూడల్ ఏజ్, ఆలస్యమవుతుంది. ముదిరిన నారు ఊడిస్తే సరిగా పిలకలు వేయదని నాన్నగారు ఉదయం కూలీలతో అంటుంటే నాకు ఈ ఆటే గుర్తుకు వచ్చింది.

డెత్‌మ్యాచ్ అనే మరో రకం ఆటలో ఈ పొదుపు అక్కరలేదు. 20,000 ఆహారం, 20,000 కలప మొదటి క్షణంలోనే చేతిలో ఉంటాయి. వాటిని సైన్యంగా మార్చే వేగమే అక్కడ నైపుణ్యం. నాకు అది అంతగా రుచించదు.

ఈ రోజు ఆడిన జట్టు ఆటలో తమ్ముడు ఫ్లాంక్‌లో, అంటే శత్రువుకు దగ్గరగా ఉండే అంచు స్థానంలో, నేను వాడి వెనుక పాకెట్ అనే లోపలి స్థానంలో ఉన్నాము. మిగిలిన ఇద్దరూ మాకు తెలియనివారు. ఫ్లాంక్ ఆర్చర్లతో (విలుకాండ్రతో) దెబ్బ కాచుకోవాలి, పాకెట్ ఆ నీడలో త్వరగా ఎదిగి నైట్లను, అంటే బలమైన గుర్రపు సైనికులను, తేవాలి. శత్రువులిద్దరు ఒకేసారి వాడి మీద పడినప్పుడు "అన్నయ్యా, స్కౌట్లు పంపు" అని రెండుసార్లు అడిగాడు. ఒక్కొక్క స్కౌట్‌కు 80 ఆహారం. అయిదుగురిని పంపితే 400 పోతుంది, అంటే నైట్లు దొరికే మూడో యుగం, కాజిల్ ఏజ్‌కు కావలసిన 800 ఆహారంలో సగం. నేను పంపలేదు. నా లెక్క ప్రకారం సరైన సమయానికే కాజిల్ ఏజ్ చేరాను గాని, నైట్లు బయలుదేరేనాటికి వాడి బంగారు గని దగ్గర ఒక్క విలేజర్ మిగలలేదు.

ఒంటరి ఆటలో నా ప్రణాళికను నేను నా అవసరాన్ని బట్టే మార్చుకుంటాను. పాకెట్‌లో కూర్చున్నవాడు కాలువకు ఎగువన భూమి ఉన్న రైతు వంటివాడు. తన తూము ఎంత తెరవాలన్నది శివారు చేను ఎంత ఎండిందో చూసి నిర్ణయించుకోవాలి. తన ఎదుగుదల ఎప్పుడు ఆపుకోవాలో, ఎంతసేపు ఆపుకుంటే నష్టం భరించగలడో తెలియడం వేళ్ల వేగంతో వచ్చే విద్య కాదు. గెలుపోటములను బట్టి ఆట ఇచ్చే రేటింగు అంకెలో అది కనబడదని కూడా నాకు ఈ రోజే అర్థమైంది.

రెండో ఆటలో అయిదుగురు స్కౌట్లను అడగకముందే పంపాను. నా కాజిల్ ఏజ్ బాగా ఆలస్యమైంది, తమ్ముడి గని మాత్రం నిలబడింది. వచ్చే ఆదివారం స్థానాలు మార్చుకుందామని వాడు అన్నాడు. ఇంకొన్నాళ్లు పాకెట్‌లోనే ఉంటానని చెప్పాను.